ఏఈ అంటే అసిస్టెంట్ ఇంజనీరు కాదు

మదనపల్లె పేరు చెప్పగానే ఎవరికైనా ముందు టమోటా మార్కెట్టు గుర్తొస్తుంది. ఆ తర్వాత జాతీయగీతం. 1919 ఫిబ్రవరి చివర్లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి బిసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చి కొన్నాళ్లు ఉన్నారు. జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి తనే మార్చి రాసుకున్నది ఇక్కడే. ఆ పాటకు స్వరాలు కట్టి రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్‌ది ఐర్లండ్. ఆవిడ భర్త జేమ్స్ కజిన్స్ అప్పుడు ఆ కాలేజీ ప్రిన్సిపాల్. ఈ సంగతి మా ప్రాంతంలో బడి పిల్లల దగ్గర్నుంచి బస్సు కండక్టర్ల దాకా అందరికీ తెలుసు. కొత్తగా ఎవరొచ్చినా చెప్పకుండా వదలం.

కజిన్స్‌కి ఒక స్నేహితుడుండేవాడు. ఆయన చిత్రకారుడు. మదనపల్లెకు ఎప్పుడూ రాలేదు కాబట్టి ఆయన గురించి ఇక్కడెవరికీ తెలియదు. నాకు మాత్రం ఠాగూర్ కంటే ఆయనే దగ్గరివాడిగా అనిపిస్తాడు. ఎందుకో చెప్పాలంటే ముందు కజిన్స్ గురించి రెండు ముక్కలు చెప్పాలి.

జేమ్స్ కజిన్స్ 1873లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. కవి, నాటక రచయిత. అనీబిసెంట్ పిలిస్తే 1915లో మద్రాసుకు వచ్చి ఆమె నడిపే న్యూ ఇండియా పత్రికలో చేరాడు. మరుసటి ఏడాది ఏప్రిల్లో డబ్లిన్‌లో ఇంగ్లీషువాళ్ల మీద తిరుగుబాటు జరిగింది. దాన్ని మెచ్చుకుంటూ ఈయన వ్యాసం రాశాడు. యుద్ధకాలం, బ్రిటిష్ రాజ్యం. ఇంకేముంది, పత్రిక ఉద్యోగం పోయింది. అలా మదనపల్లె కాలేజీకి పాఠాలు చెప్పడానికి వచ్చాడు. తర్వాత మన దేశపు చిత్రకళకు పెద్ద ప్రచారకుడయ్యాడు. మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో చిత్రశాల వెనక, తిరువనంతపురంలో 1935లో తెరిచిన శ్రీ చిత్రాలయం వెనక ఆయన సలహా, శ్రమ ఉన్నాయి. చివరికి 1956లో మదనపల్లెలోనే కన్నుమూశాడు.

నేను ఆ కాలేజీలోనే చదువుకున్నాను. మాది పుంగనూరు. రోజూ బస్సులో వచ్చి పోయేవాణ్ని. మా ఇంగ్లీషు లెక్చరర్ ఒకాయన కజిన్స్ గురించి చెబుతూ చెబుతూ ఒకరోజు, ‘ఆయన్ని ఈ దారిలోకి తెచ్చిన మనుషుల్లో ఏఈ ఒకడు’ అన్నారు. క్లాసులో అందరం మొహాలు చూసుకున్నాం. మన ఊళ్లలో ఏఈ అంటే కరెంటాఫీసులో అసిస్టెంట్ ఇంజనీరు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే రైతులు వెదుక్కుంటా పోయేది ఆయన కోసమే. ‘కజిన్స్‌కి ఏఈతో ఏం పని సార్’ అని వెనక బెంచీలోంచి ఎవడో అడిగాడు కూడా.

ఆ ఏఈ అసలు పేరు జార్జ్ విలియమ్ రస్సెల్. ఒక వ్యాసానికి కింద తన పేరు బదులు ‘ఏయాన్’ అని రాసి పంపాడట. ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడికి చేతిరాత సరిగ్గా అర్థం కాలేదు. మొదటి రెండక్షరాలు మాత్రం వేసి మిగతాది వదిలేశాడు. రస్సెల్‌కి అదే నచ్చింది. జీవితాంతం కవితల కింద, బొమ్మల కింద ఆ రెండక్షరాలే.

ఆయన 1867లో ఉత్తర ఐర్లండ్‌లోని లర్గన్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. పదకొండేళ్లప్పుడు కుటుంబం డబ్లిన్‌కి మారింది. అక్కడ మెట్రోపాలిటన్ ఆర్ట్ స్కూల్లో బొమ్మలు నేర్చుకున్నాడు. తర్వాత మహాకవి అయిన యేట్స్ అప్పుడు ఆయనతో పాటు అక్కడ విద్యార్థి. ఇద్దరూ ఉపనిషత్తులు, భగవద్గీత అంటూ మన వైపు చూశారు. థియొసాఫికల్ సొసైటీలో తిరిగారు. రస్సెల్ ఆ సొసైటీవాళ్ల ఇంట్లోనే కొన్నేళ్లు కాపురముండి, అక్కడి గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశాడు. పగలు మాత్రం ఒక బట్టల కొట్లో గుమాస్తా. ఉదయం నుంచి సాయంత్రం దాకా లెక్కలు రాయడం, రాత్రి బొమ్మలు. ఏడేళ్లు అలా గడిచింది.

1897లో ఆయన జీవితం మలుపు తిరిగింది. హోరేస్ ప్లంకెట్ అనే పెద్దమనిషి ఐర్లండ్ రైతుల కోసం సహకార సంఘాలు పెడుతున్నాడు. ఊరూరా తిరిగి రైతుల్ని కూడగట్టే మనిషి కావాలి. యేట్స్ వెళ్లి, మా రస్సెల్ ఉన్నాడు తీసుకోండి అన్నాడు. కవిని, అందులోనూ దేవతల బొమ్మలేసే మనిషిని పాల సంఘాల పనికి సిఫారసు చేయడం ఏమిటని మనకు నవ్వొస్తుంది. ప్లంకెట్ మాత్రం తీసుకున్నాడు. సైకిలొకటి ఇచ్చి పశ్చిమ తీరానికి పంపాడు.

అప్పటి ఐర్లండ్ పల్లె కథ వింటే మన కథే అనిపిస్తుంది. ఊళ్లో ఒక కొట్టుంటుంది. విత్తనాలు, పిండి, చక్కెర అన్నీ అక్కడే అప్పు. ఆ కొట్టువాడే వడ్డీ వేస్తాడు, పండిన పంటను కూడా అతనే కొంటాడు. ధర అతను చెప్పిందే. మదనపల్లె చుట్టుపక్కల మండీ అడ్వాన్సు తీసుకుని టమోటా పండించే రైతుకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఏఈ సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, సాయంత్రం బడిలోనో చర్చి పక్క గదిలోనో ఊరివాళ్లని కూర్చోబెట్టి, మీ బ్యాంకు మీరే పెట్టుకోండి అని చెప్పేవాడు. జర్మనీలో రైఫైజెన్ అనే ఆయన చూపించిన పద్ధతి అది. ఊరివాళ్లే సభ్యులు. ఒకరి అప్పుకు అందరూ పూచీ. పెళ్లికీ పేరంటానికీ కాదు, దూడ కొనడానికో విత్తనం కొనడానికో ఇస్తారు. ఎవరు కట్టగలరో ఎవరు ఎగ్గొడతారో ఊరికి తెలియనిదేముంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే మన మద్రాసు రాష్ట్రంలో ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి అదే రైఫైజెన్ పద్ధతి గురించి పెద్ద నివేదిక రాశాడు. దాని ఫలితంగానే 1904లో మన దేశానికి సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. అంటే డబ్లిన్ చిత్రకారుడు సైకిలు మీద తిరుగుతూ చెప్పిన మాటా, మన ఊరి సొసైటీ బోర్డు వెనక ఉన్న మాటా ఒకే వేరు నుంచి వచ్చాయి.

ఇది నాకెందుకంత పట్టిందంటే, నా ఉద్యోగం కూడా అదే. గ్రామీణ బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసర్‌ని. సర్వీసులో ఎక్కువ భాగం కుప్పం వైపే గడిచింది. గుడుపల్లె, శాంతిపురం, రామకుప్పం, వి.కోట. ఒక పక్క తమిళం, ఒక పక్క కన్నడం, మధ్యలో మన తెలుగు. ఒకే వాక్యంలో మూడూ మాట్లాడే మనుషులు. ఆవు లోను ఇవ్వాలంటే ఆవుని చూడాలి, చెవికి ట్యాగు వేయించాలి, పాల కేంద్రంలో వెన్న శాతం ఎంతొస్తోందో కనుక్కోవాలి. మా పుంగనూరు ఆవు మూడడుగులు దాటదు, పాలు తక్కువే అయినా చిక్కన. లోనుకు మాత్రం అందరికీ సీమావులే కావాలి. ఐర్లండ్‌లోనూ డెక్స్‌టర్ అని ఒక పొట్టి ఆవు జాతి ఉందని తెలిసినప్పుడు మా ఊరివాళ్లు దొరికినట్టు సంబరపడ్డాను.

తనిఖీకి పోయినప్పుడు మల్బరీ తోట గట్టు మీద కూర్చుని, వాడేసిన అప్లికేషన్ల వెనక బొమ్మలు వేసేవాణ్ని. గుండ్రాళ్ల గుట్టలు, చింతచెట్లు, పాల క్యాన్లు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు. ఆదివారం ఇంట్లో రంగులు. అంతకుమించి ఏమీ లేదు. ఎగ్జిబిషన్లు లేవు, అమ్మకాల్లేవు. రెండు ట్రంకు పెట్టెలు నిండాయి.

ఏఈ కూడా అలాగే వేశాడు. ఉద్యోగం వారంలో, బొమ్మలు ఆదివారాల్లో. వేసవి సెలవుల్లో డొనెగల్ సముద్రతీరానికి పోయి ఒక్క ఊపులో బోలెడు వేసుకొచ్చేవాడు. ఆయన బొమ్మలు ఐర్లండ్ మ్యూజియాలవాళ్లు పెట్టినవి నేను ఫోన్లోనే చూశాను. ఎక్కువగా పొద్దువాలే వేళ. తడి ఇసుక, దాని మీద వెలుతురు, ఆడుకునే పిల్లలు. మనుషుల మొహాలు స్పష్టంగా ఉండవు. వెలుతురే మొహం. కొన్ని బొమ్మల్లో చెట్ల మధ్య మెరుస్తూ పొడవాటి ఆకారాలు నిలబడి ఉంటాయి. అవి ఊహించి వేసినవి కావని, తను నిజంగా చూసినవేనని ఆయన చెప్పేవాడు. తెల్లవాళ్లలో కొందరు నవ్వారు. మాకు నవ్వు రాదు. చెరువు గట్టున మిట్టమధ్యాహ్నం ఒంటరిగా పోతే అక్కదేవతలు కనబడతారని మా అవ్వ చెప్పిన ఊళ్లో పెరిగినవాణ్ని నేను.

ఆదివారం బొమ్మలే అయినా దూరం పోయాయి. 1904 నుంచి డబ్లిన్‌లో స్నేహితులతో కలిసి ప్రదర్శనలు పెట్టాడు. జాన్ క్విన్ అనే న్యూయార్క్ లాయరు కొన్నాడు. 1913లో న్యూయార్క్‌లో జరిగిన ఆర్మరీ షో, అమెరికాకు ఆధునిక చిత్రకళను పరిచయం చేసిన ప్రదర్శన, అందులో కూడా ఆయన బొమ్మలున్నాయి. అయినా ధర పెంచుకోవాలని చూడలేదు. అడిగినవాళ్లకు ఊరికే ఇచ్చేసినవి లెక్కలేనన్ని. తన ఆఫీసు గది గోడల్ని కూడా వదల్లేదు. వెన్న ధరల ఫైళ్ల పైన అడవులు, దేవతలు!

1905లో రైతుల వారపత్రిక ఐరిష్ హోమ్‌స్టెడ్‌కి సంపాదకుడయ్యాడు. పద్దెనిమిదేళ్లు నడిపాడు. 1920 ప్రాంతాల్లో బ్రిటిష్ బలగాలు ఊళ్లలో సహకార పాలకేంద్రాల్ని తగలబెడుతుంటే, తను ఇరవై ఏళ్లు సైకిలు తొక్కి కట్టించినవి కళ్లముందు బూడిదవుతుంటే, కలం పట్టుకుని న్యాయం అడిగాడు.

ఆయన మీద ఉన్న విమర్శ కూడా చెప్పాలి. ఒకే పని పట్టుకుని ఉంటే గొప్ప చిత్రకారుడై ఉండేవాడు, కవిత్వం, పత్రిక, పాల సంఘాలు, వేదాంతం అంటూ చెదిరిపోయాడు అంటారు. బొమ్మలన్నీ ఒకేలా ఉంటాయి, తొందరగా ముగించేస్తాడు అంటారు. వరసగా చూస్తే నాకూ అలాగే అనిపించింది. ఇరవై బొమ్మలు చూశాక ఇరవై ఒకటోది ముందే తెలిసిపోతుంది. ఆరు రోజులు వేరే పనిలో ఉన్న చెయ్యి ఏడో రోజున తనకు బాగా వచ్చిందే మళ్లీ వేస్తుంది. ఇది నా ట్రంకు పెట్టెలు నాకు చెప్పిన సంగతే.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా చెల్లెలి కూతురు. పుంగనూరులో ఇంటర్ అయింది. లెక్కల్లో మంచి మార్కులే. మా బావకు ఇంజనీరింగ్ సీటు తప్ప వేరే ఆలోచన లేదు. ఆ పిల్ల మాత్రం, కడపలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, నేను బొమ్మలు నేర్చుకుంటా అంటుంది. ఇంట్లో పదిరోజులు మాటల్లేవు.

చెల్లెలు ఫోన్ చేసింది. ‘అన్నా, నువ్వైతే సరిగ్గా చెప్తావు. నువ్వూ బొమ్మలేస్తావు, బ్యాంకులో పని కూడా చేస్తా ఉండావు. అట్ల చేసుకోమని చెప్పు. నీ మాటైతే వింటాది’ అంది.

పోయాను. వసారాలో కూర్చోబెట్టుకుని ఏఈ కథ మొత్తం చెప్పాను. బట్టల కొట్టు గుమాస్తా, సైకిలు, పాల సంఘాలు, ఆదివారం బొమ్మలు. చెల్లెలు తలూపుతూ వింటోంది. బావ అయితే పేరు వినగానే, ‘ఏఈ అంటే ఇంకేం బావా, మంచి ఉద్యోగమే! మన పాప కూడా ఏఈ అయితే చాలు’ అన్నాడు. అందరం నవ్వాం. ఆ పిల్ల కూడా నవ్వింది. నవ్వి అడిగింది.

‘మామా, ఆయన ఉద్యోగం చేస్తా బొమ్మలేసినాడు, సరే. ఆయన దగ్గరికొచ్చే పిల్లోళ్లకీ అట్లనే చేయమని చెప్పినాడా?’

నేను ఆ కోణంలో ఎప్పుడూ చూడలేదు. నాకు తెలిసిన ఏఈ కథ నా కథకు సరిపోయే ముక్క మాత్రమే. ఆ పిల్ల అడిగింది రెండో ముక్క. అది కూడా నాకు తెలిసిందే, ఎన్నోసార్లు చదివిందే.

డబ్లిన్‌లో రాత్గర్ అవెన్యూలో ఏఈ ఇల్లు. ఆదివారం సాయంత్రం ఎవరైనా రావచ్చు, తలుపు తీసే ఉంటుంది. 1904లో జేమ్స్ జాయిస్ అనే కుర్రాడు చేతిలో చిల్లిగవ్వ లేకుండా తిరుగుతున్నాడు. ఏఈ అతనికి రైతుల పత్రికలో కథ రాయమని చెప్పి, దానికి డబ్బు ఇప్పించాడు. జాయిస్ మొదటి కథ అచ్చయింది పశువుల దాణా, వెన్న యంత్రాల ప్రకటనల మధ్య. మూడు కథలు వేశాక, ఇవి మా పాఠకులకు ఎక్కడం లేదని ఆపేశారు. ఆపేసినా ఏం, ఇరవయ్యో శతాబ్దపు గొప్ప రచయితల్లో ఒకరికి మొదట తలుపు తీసింది పాల సంఘాల పత్రిక. 1931లో పాట్రిక్ కవనా అనే రైతు బిడ్డ తన ఊరి నుంచి డబ్లిన్‌కి యాభై మైళ్లకు పైగా నడిచి ఈ ఇంటికే వచ్చాడు. ఏఈ అన్నం పెట్టి, చేతినిండా పుస్తకాలిచ్చి పంపాడు. తర్వాత అతను ఐర్లండ్ మెచ్చిన కవి అయ్యాడు.

వాళ్లిద్దరిలో ఎవరితోనూ ఆయన, ముందు ఒక ఉద్యోగం చూసుకో, ఆదివారాలు రాసుకో అనలేదు. తన జీవితం తను ఎంచుకున్నాడు. దాన్ని ఇంకొకరికి కొలతగా పెట్టలేదు.

మన దగ్గరా ఇలాంటి తలుపొకటి తెరుచుకుంది. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఇంగ్లీషువాడు, స్వయంగా బొమ్మలేసేవాడు. దామెర్ల రామారావు అనే కుర్రాడి చేతిని చూసి, ఇతను ఇక్కడ ఉండకూడదని 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపాడు. అడివి బాపిరాజు కూడా ఆ దొర శిష్యుడే. రామారావు 1925లో మశూచి వచ్చి ఇరవై ఎనిమిదో ఏటనే పోయాడు. అయినా ఆ కొద్ది కాలంలో వేసిన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరుతో ఉన్న చిత్రశాలలో ఈనాటికీ ఉన్నాయి. కూల్డ్రే బొమ్మల సంగతి మనలో ఎంతమందికి తెలుసు? తలుపు తీసిన పని మాత్రం తెలుగు చిత్రకళ చరిత్రలో మొదటి పేజీ అయింది. మదనపల్లె కజిన్స్ చేసింది కూడా అదే. ఆయన కవిత్వం ఇప్పుడు చదివేవాళ్లు తక్కువ. ఆయన కట్టించిన చిత్రశాలల్లోకి మాత్రం జనం పోతూనే ఉన్నారు.

ఇంకో సంగతి బావకు విడిగా చెప్పాను. ఏఈ బొమ్మలు ఆదివారం వేసినా, నేర్చుకున్నది ఆదివారం కాదు. ముందు ఆర్ట్ స్కూల్లో గురువుల ముందు కూర్చుని గీత నేర్చుకున్నాడు, ఉద్యోగం ఆ తర్వాత. నాకు ఆ స్కూలు లేదు. చెయ్యి ఎక్కడ ఆగిపోతుందో నాకు తెలుసు. నీళ్లు వేయడం వస్తుంది, నీళ్లలో నీడ వేయడం రాదు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా రాదు. ఎవరో పక్కన నిలబడి ఒక్కరోజు చూపిస్తే వచ్చేదేమో. ఆ పిల్లకు పద్దెనిమిదేళ్లు. చూపించేవాళ్లు కడపలో ఉన్నారు.

‘మరి తిండి?’ అన్నాడు బావ. అడగాల్సిన మాటే. చిత్రకళ చదివితే జీతం ఖాయమని నేను చెప్పలేను, చెప్పలేదు కూడా. పుస్తకాలకు బొమ్మలు, బట్టల డిజైన్లు, సినిమాలకూ యానిమేషన్‌కూ పని, బడిలో డ్రాయింగ్ టీచరు ఉద్యోగం, దారులున్నాయి కానీ ఏదీ నున్నటి తారురోడ్డు కాదు. బ్యాంకు మనిషిగా ఒకటి మాత్రం చెప్పాను. ఆవు లోను ఇచ్చేటప్పుడు మేం చూసేది ఆవుని కాదు బావా, దాన్ని మేపే మనిషికి ఓపిక ఉందా లేదా అని. ఈ పిల్ల మూడేళ్లుగా రోజూ ఒక బొమ్మ వేస్తోంది, ఒక్కరోజు తప్పలేదు. నా లెక్కలో ఇది ఇవ్వదగ్గ లోనే. కావాలంటే మొదటి ఏడాది ఫీజుకు నేను పూచీ. రైఫైజెన్ పద్ధతే, సొంతవాళ్లే హామీ.

ఏఈ 1935 జూలైలో ఇంగ్లండ్‌లోని బోర్న్‌మత్‌లో పోయాడు. డబ్లిన్‌కి తెచ్చి మట్టి చేశారు. సైకిలు తొక్కి పెట్టించిన సంఘాలూ మిగిలాయి, ఆదివారం బొమ్మలూ మిగిలాయి. తలుపు తెరిచి పంపిన పిల్లలు ఆ రెంటికంటే పెద్దవాళ్లయ్యారు. పొట్టి పేరుతో బతికిన ఆ పెద్దమనిషికి ఇంతకంటే ఏం కావాలి?

నా ఆదివారాలు నాకుంటాయి. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. మళ్లీ ఆ గుట్టలే వేస్తాను, ఆ చింతచెట్లే వేస్తాను, దానికి నాకేం బాధ లేదు. ఆ పిల్ల చేత మాత్రం నా ట్రంకు పెట్టె మోయించను.

దరఖాస్తు నింపి పెట్టాం. సంతకం చేయాల్సింది బావ. ‘చూద్దాం’ అంటున్నాడు. మా వైపు చూద్దాం అంటే సగం ఒప్పుకున్నట్టే. మిగతా సగం చెల్లెలు చూసుకుంటుంది.